జంపఖానా కింద గవాచి

నేను ప్లీడరును కాను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఆత్మకూరులో ఇప్పటికీ కొందరు నన్ను దారిలో ఆపి "సామీ, మా గట్టు తగాదా ఏమయితాది?" అని అడుగుతుంటారు. నేనూ మహా తెలిసినవాడిలా గొంతు సవరించుకుని చెప్పేస్తుంటాను. ముప్పై ఏళ్ల పైచిలుకు నేను చేసింది ప్లీడరు గుమాస్తా పని. నోటీసులు రాయడం, దావా కాగితాలు సిద్ధం చేయడం, స్టాంపులు అంటించడం, వాయిదా తేదీలు పార్టీలకు చేరవేయడం, సాక్షులు మొరాయిస్తే వాళ్ల ఊరెళ్లి బతిమాలో బెదిరించో బస్సెక్కించడం. నల్లకోటు వేసుకునే పని కాదు గానీ, నల్లకోటు నడిచేది మాత్రం మా చేతుల మీదే.

ఇది రాస్తున్నది నా తోటి ముసలివాళ్ల కోసం కాదు. ఇప్పుడు కోర్టు గేటు ముందు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చునే పిల్లల కోసం. పాత ఫైలు తెరుస్తారు, పేర్లు మారుస్తారు, అచ్చు తీసి చేతిలో పెడతారు. "రెండు నిమిషాల పని తాతా" అంటారు. అలాంటి రెండు నిమిషాల పనితో ఒక ఆడపిల్లను అత్తగారింటి నుంచి వెనక్కి పంపించినవాణ్ణి నేను. అప్పుడు నా దగ్గర కంప్యూటరు కూడా లేదు.

డెబ్బైల చివరి మాట ఇది. మా ప్లీడరుగారు నెల్లూరు మనిషి. చట్టం బాగా చదువుకున్నవాడు, మాట తక్కువ. ఎంత పెద్ద కేసయినా నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాడు. ఆ నాలుగు ముక్కల్ని రెండు పేజీలు చేయడం నా వంతు. అందుకోసం నా దగ్గర లావుపాటి బైండు పుస్తకం ఒకటి ఉండేది. పాత నోటీసుల్లో పసందయిన పేరా కనబడితే చాలు, అందులోకి ఎక్కించుకునేవాణ్ణి. పొలం ఆక్రమణకు ఒక పేరా, గోడ జరిపినందుకు ఒకటి, నమ్మకద్రోహానికి రెండు. నా నోటీసు అందితే అవతలివాడికి రెండు పూటలు అన్నం సయించదని పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ఒక సాయిబులావిడ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తోంది. ఆత్మకూరు నుంచి నెల్లూరికి తిరిగే ఒక ప్రైవేటు బస్సు డ్రైవరు భార్య. ఆ డ్రైవరును మేమందరం ఎరుగుదుం. స్టాపు కాకపోయినా దారిలో ముసలివాళ్లు కనిపిస్తే బస్సు ఆపే మనిషి. ఆయన తమ్ముడు చిన్నవయసులోనే పోతే, ఆ తమ్ముడి కూతుర్ని తన బిడ్డలాగే పెంచాడు. ఆ ఏడే ఆ పిల్లను ఉదయగిరిలో కొయ్య స్పూన్లు, గరిటెలు చెక్కే ఒక ఉస్తాదు కొడుక్కి ఇచ్చి పెళ్లి చేశాడు. పెళ్లయిన మర్నాడు మగపెళ్లివారింట్లో వలీమా విందు. ఆ విందుకు వెళ్లిన డ్రైవరు తన కాళ్ల మీద తిరిగి రాలేదు.

ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు మా వైపు మట్టి మిద్దెల సంగతి చెప్పాలి. దూలాల మీద కొయ్యలు పరిచి, పైన మట్టి వేసి, దిమ్మిసాతో కొట్టి చదును చేస్తారు. సరిగ్గా వంటింటి మీద మాత్రం మనిషి దూరేంత చదరపు రంధ్రం వదిలేస్తారు. వెలుతురు దిగడానికి, పొగ పోవడానికి. దాన్ని గవాచి అంటాం. వాన పడితే దాని మీద ఒక రేకుముక్క కప్పుతారు. మాదీ ఉదయగిరి పక్క పల్లెటూరే కాబట్టి నాకు ఇది కొత్త కాదు. ఎవరి మిద్దె ఎక్కినా, కింద పొయ్యి ఎక్కడుందో అంచనా వేసుకుని పక్కగా నడవడం మాకు చిన్నప్పుడే అలవాటవుతుంది. ఆత్మకూరులో పెంకుటింట్లో పుట్టి పెరిగిన డ్రైవరుకు ఆ విద్య లేదు.

ఉస్తాదు ఇల్లు చిన్నది. పెరట్లో వంట డేగిసాలు పెట్టారు, మధ్యాహ్నం విందు మిద్దె మీద. ముందురోజు తుంపర పడింది గనక గవాచి మీద రేకు కప్పి ఉంది. తుప్పు పట్టిన రేకు. కొత్త సంబంధం వాళ్ల ముందు అది కనబడితే బాగుండదని ఉస్తాదు దాని మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా జంపఖానా పరిపించాడు. మిద్దె చూడముచ్చటగా తయారైంది. ఊరివాళ్లు ఎవరూ చెప్పకుండానే అంచుల వెంబడి కూర్చున్నారు. పిల్ల తరఫు పెద్ద కాబట్టి డ్రైవరును ఉస్తాదే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నడిమధ్య కూర్చోబెట్టాడు. ఇంతలో ఎవరో ముసలాయన పైకి వస్తే, చోటిద్దామని డ్రైవరు లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. రేకు వంగింది, జంపఖానాతో సహా మనిషి వంటింట్లో పడ్డాడు.

ప్రాణం దక్కింది. ఎడమ కాలు మాత్రం చీలమండ దగ్గర, దాని పైన కూడా విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో చేయాల్సిందంతా చేశారు, ఎముక అతుక్కుంది గానీ చీలమండ వంగడం మానేసింది. ఎడమ కాలితో తొక్కేది క్లచ్చి. క్లచ్చి తొక్కలేనివాడికి బస్సు ఎవరిస్తారు?

ఇంతా చేసి ఉస్తాదు చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి మూడుసార్లు వచ్చాడట, వచ్చినప్పుడల్లా పండ్లు తెచ్చాడట. మంచం పక్కన కూర్చుని "అల్లా రాసిపెట్టినాడు భాయ్, మనమేం జేస్తాం" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. డ్రైవరు గోడవైపు తిరిగి పడుకునేవాడట. ఇదంతా ఆవిడ చెప్పింది.

"వాళ్లని జైల్లో బెట్టమని కాదు సామీ," అంది చివరికి. "మా పిల్ల వాళ్లింట్లో ఉండాది. గట్టిగా అడగలేము. అడక్కుండా బతకలేము."

మా ప్లీడరుగారు నన్ను గవాచి అంటే ఏమిటని అడిగి, నేను బొమ్మ గీసి చూపిస్తే తలాడించి, ఆవిడకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. ఇంటికి పిలిచినవాడికి తన ఇంట్లో ప్రమాదం ఎక్కడుందో తెలుసు. వచ్చినవాడికి తెలియదు. అది కంటికి కనబడేది కూడా కాకపోతే, చెప్పాల్సిన బాధ్యత పిలిచినవాడిదే. చెప్పకపోతే అది అజాగ్రత్త, దానికి నష్టం భరించాలి. మనసులో చెడు ఉండాల్సిన పనిలేదు, ఎంత ప్రేమగా పిలిచినా సరే. ఆవిడ వెళ్లాక నాతో మూడే వాక్యాలు చెప్పారు. గవాచి ఉంది, జంపఖానా కప్పాడు, చెప్పలేదు. ఇంతే రాసి నోటీసు పంపమన్నారు.

మూడు వాక్యాల నోటీసు! నా చేత్తో! ఊళ్లో ఇంకో ప్లీడరు దగ్గరుండే గుమాస్తా చూస్తే నవ్వడూ? ఆ గుమాస్తా, నేను ఒకే హోటల్లో టీ తాగేవాళ్లం, కానీ ఎవరి నోటీసు ఘాటుగా ఉందన్న దగ్గర ఇద్దరికీ పడేది కాదు. నేను బైండు పుస్తకం తీశాను. కిందటేడు కలువాయి వైపు ఒక పొలం తగాదాలో, దారిలో గొయ్యి తవ్వి మనిషిని పడేయాలని చూసిన కేసుకు రాసిన పేరా కనబడింది. ఎంత చక్కటి పేరా అది! పేర్లు మార్చాను. "మీరు దురుద్దేశముతో, ముందస్తు కుట్రతో, నా పార్టీ ప్రాణమునకు హాని కలిగింపవలెనని మార్గమున కపటోపాయము పన్ని..." అని సాగుతుంది. ప్లీడరుగారు ఆరోజు వేరే కేసు హడావిడిలో ఉన్నారు. అడుగున సంతకం పెట్టారు. దావా వేసినప్పుడు అదే పేరాను ఇంగ్లీషులోకి మార్చి పెట్టాను. డ్రైవరు మంచం మీద నుంచే, నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు.

నోటీసు తెలుగులోనే ఉంది కాబట్టి ఉదయగిరిలో ఎవరో మాస్టారు ఉస్తాదుకు చదివి వినిపించాడు. మసీదు దగ్గర నలుగురు పెద్దమనుషులకూ తెలిసింది. నష్టం అడిగినందుకు ఆయనకు అంత బాధ లేదట. కుట్ర అన్న మాట దగ్గర కూలబడిపోయాడట. ఆయనా పంతానికి పోయి ఆత్మకూరులోనే ఆ ఇంకో ప్లీడరును పెట్టుకున్నాడు. పక్షం తిరక్కుండా జవాబు వచ్చింది. నా టీ స్నేహితుడి చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. వాడికీ ఒక బైండు పుస్తకం ఉంది మరి. "మీ పార్టీ సదరు సమయమున మద్యము సేవించి, ఒళ్లు తెలియని స్థితిలో తనంతట తానే పడి..." అని రాశాడు. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి గురించి!

ఆ జవాబు నేనే డ్రైవరు ఇంట్లో చదివి వినిపించాను. ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఆ నెలలోనే ఉదయగిరి నుంచి పిల్లను బస్సెక్కించి పంపించారు. తగాదా తేలేదాకా పెదనాయన ఇంట్లోనే ఉండనివ్వండి, ఆ పిల్ల మొహం చూడలేకుండా ఉన్నాను అని ఉస్తాదు కబురు చేశాడు.

నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. కేసు వేడెక్కింది, ఇక రంజుగా ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

బుద్ధి వచ్చింది వాయిదా తేదీ చెప్పడానికి డ్రైవరు ఇంటికి వెళ్లిన రోజు. ఆయన నిద్రపోతున్నాడు. భార్య బజారుకు వెళ్లింది. ఆ పిల్ల వాకిట్లో బియ్యం ఏరుతోంది. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. నన్ను కూర్చోమని నీళ్లిచ్చి, మళ్లీ చేట ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అడిగింది.

"మా పెదనాయన తాగినాడని వాళ్లు రాసినారు. తాగలా. మా మామ పెదనాయనని చంపాలని జూసినాడని మీరు రాసినారు. చూడలా. ఆ రోజు పొద్దున్నించీ నేను ఆ ఇంట్లోనే ఉండాను గదా, ఆ జంపఖానా కోసం మామ మూడిళ్లు తిరిగి తెచ్చినాడు. మంచిగా కనపడాలని. ఇద్దరూ అబద్ధాలు చెప్పే మనుషులు కాదే, మరి ఇవన్నీ ఎవరు రాసినట్టు?"

కోర్టు భాష అలాగే ఉంటుందమ్మా, దాన్ని మనసులో పెట్టుకోకూడదు అన్నాను. "మీరు పెట్టుకోరు. ఆ కాగితం వచ్చిన రోజు మా మామ అన్నం దినలా," అంది. నా నోటీసుకున్న పేరు ఇదే కదా, నేను మురిసిపోయింది దీనికే కదా. ఆ నీళ్లు తాగకుండానే లేచి వచ్చేశాను.

ఆఫీసుకొచ్చి ప్లీడరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పొలం కేసు పేరా అని, పుస్తకంలోంచి ఎత్తానని. ఆయన ఫైలు తెప్పించుకుని మొత్తం చదివారు. నన్ను తిడతారనుకున్నాను. "మూడు వాక్యాలు చెప్పాను కదయ్యా" అన్నారంతే. ఫైలు మూసి, సంతకం పెట్టే ముందు నేను చదవలేదు, అందులో నా తప్పూ ఉంది అన్నారు. దురుద్దేశం అవసరమే లేని కేసులో దురుద్దేశం రాశాం, ఇప్పుడు దాన్ని రుజువు చేయలేం, వెనక్కి తీసుకోవాలంటే పిటిషను వేయాలి, వచ్చే వాయిదాకు వేద్దాం అన్నారు.

ఆ వాయిదా రోజు పొద్దున్నే డ్రైవరు రెండు చంకకర్రల మీద ఆఫీసుకు వచ్చాడు. వెనకాల భార్య, ఆ పిల్ల. పిల్ల చేతిలో బట్టల మూట. దావా తీసేసుకుంటానన్నాడు.

మా ప్లీడరుగారు నచ్చజెప్పి చూశారు. ఉత్తపుణ్యానికి తీసేసుకుంటే మళ్లీ వేయడం కుదరదని, తాగాడన్న మాట కాగితం మీద అలాగే నిలిచిపోతుందని, ఇంట్లో గడవడం ఎలాగని. ఆయన అన్నీ విన్నాడు. "నా కాలు పొయ్యింది, సరే సామీ. దాని కాపురం గూడా పోతే నా తమ్ముడికి ఏం జెప్పేది?" అన్నాడు. ఆ తమ్ముడు పోయి పదిహేనేళ్లు. ఆ పొద్దే పిల్లను ఉస్తాదుకు అప్పజెప్పేసి ఇంటికి పోదామని మూట కట్టించుకుని వచ్చాడు. ఆయన ముఖం చూసి మా ప్లీడరుగారు ఇక వాదించలేదు.

మునసబు కోర్టులో అప్పుడున్న జడ్జిగారు చిన్నవయసు మనిషి, కొత్తగా వచ్చారు. తొందరపడరు, ఎవర్నీ కసరరు. కేసు పిలవగానే డ్రైవరు దావా వద్దన్నాడు. ఆయన కర్రల వైపు చూసి, ఎందుకు వద్దు, మీ మధ్య ఏమైనా ఒప్పందమైందా అని జడ్జిగారు అడిగారు. కాలేదన్నాడు. మరి నీ దావాలో రాసింది అబద్ధమా అని అడిగారు.

"నేను పడింది నిజం దొరా. తక్కింది ఏం రాసినారో నాకు తెల్దు."

జడ్జిగారు కాగితం తిప్పి, ఆ ఇంగ్లీషు పేరాను తెలుగులో నెమ్మదిగా చదివారు. దురుద్దేశం, కుట్ర, ప్రాణహాని. చదువుతుంటే డ్రైవరు నోరు తెరుచుకుని వింటున్నాడు. అవతలివాళ్ల జవాబు ఆయనకు నేను చదివి వినిపించాను గానీ, ఆయన సొంత దావా ఎప్పుడూ చదివి వినిపించలేదు. నా సర్వీసులో ఎవరికీ వినిపించలేదు. ఎవరూ అడగలేదు.

"నేనట్ల చెప్పలా," అన్నాడు. "ఆ మాట నా నోట రాలా."

మరి ఎవరు రాశారు అన్నారు జడ్జిగారు. మా ప్లీడరుగారు లేచి, మా ఆఫీసులో జరిగిన పొరపాటు అని మొదలుపెట్టారు. పెద్దమనిషి, నన్ను కాపాడాలని చూశారు. నేను కోర్టుహాల్లో ఎన్ని వేలసార్లు నిలబడి ఉంటానో, ఒక్కసారి కూడా నోరు విప్పింది లేదు. గుమాస్తా అక్కడ నోరు విప్పకూడదు. అయినా కాళ్లు వాటంతటవే లేచాయి.

"నేను రాసినానయ్యా," అన్నాను. "ఆయన చెప్పింది గవాచిలో పడినానని ఒకటే. మిగతాది వేరే కేసులోంచి ఎత్తి రాసినాను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. జడ్జిగారు మాత్రం నన్ను వదిలేసి ఉస్తాదు తరఫున కోర్టులో వేసిన జవాబు తీశారు. తాగి ఉన్నాడన్న వాక్యం చదివారు. వెనక బెంచీలోంచి ఉస్తాదు లేచి నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, వేళ్ల నిండా ఉలి గాట్లు.

"తోబా తోబా. నేను జెప్పలా సార్. ఆయన తాగడని ఆత్మకూరంతా తెలుసు."

అప్పుడు నా టీ స్నేహితుడు తల వంచుకుని తన పెన్ను క్యాపును మహా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. జడ్జిగారు కుర్చీలో వెనక్కి వాలి, నవ్వాపుకుంటున్నారో కోపమాపుకుంటున్నారో తెలియని గొంతుతో ఒక మాట అన్నారు. ఎదుటివాడి కాగితం ఇద్దరూ చదివించుకున్నారు, ఎవరి కాగితం వాళ్లు చదివించుకోలేదు, ఇప్పుడు బయటికెళ్లి ఆ పని చేసి రండి అని కేసు మధ్యాహ్నానికి వేశారు.

కోర్టు వరండాలో ఒక స్తంభం దగ్గర నేను డ్రైవరుకు, ఇంకో స్తంభం దగ్గర నా టీ స్నేహితుడు ఉస్తాదుకు, వాళ్ల కాగితాలు వాళ్లకు మొదటి నుంచీ చదివాం. జీవితంలో అంత కష్టమైన చదువు నేను చదవలేదు. ప్రతి వాక్యానికీ డ్రైవరు "ఇది నేనన్నానా?" అంటాడు. లేదు అని నేను ఒప్పుకుంటాను. అవతల స్తంభం దగ్గరా అదే తంతు. ఆ పిల్ల రెండు స్తంభాల మధ్య నేల మీద మూట ఒళ్లో పెట్టుకుని ఇద్దరి గొంతులూ వింటూ కూర్చుంది.

చదవడం అయ్యాక ఉస్తాదు లేచి వచ్చాడు. డ్రైవరు కూర్చున్న మెట్టు కింద మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఉర్దూలో ఏదో మాట్లాడుకున్నారు, నాకు సగమే అర్థమైంది. వైద్యం ఖర్చు తాను పెట్టుకుంటానని, డ్రైవరుకు నిలకడగా ఒక దారి దొరికేదాకా నెల నెలా ఇంటికి ఇస్తానని ఉస్తాదు అన్నాడు. ఉత్తినే కూర్చుని తీసుకోవడం నావల్ల కాదని డ్రైవరు అన్నాడు. అప్పుడు ఉస్తాదుకు తట్టిందో ఏమో, తన స్పూన్లు గరిటెలు ఉదయగిరి దాటి అమ్మాలంటే తనకు దారి తెలియదని, నెల్లూరు దాకా ప్రతి స్టాపులో డ్రైవరుకు తెలిసిన మనిషి ఉన్నాడని అన్నాడు. ఎనభైల్లో ఆ బస్సుల మీద కొయ్య స్పూన్ల మూటలు వెళ్లడం చూసినవాళ్లు ఇంకా ఉంటారు. ఏ అంగట్లో దించాలో, ఎక్కడ గిరాకీ ఉందో బస్టాండులో కర్ర ఆనించుకుని కూర్చుని చెప్పే ఆయన్ను కూడా చూసే ఉంటారు. బస్సు మళ్లీ తోలలేదు, కానీ ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ చల్లారలేదు.

అది తర్వాతి కథ. ఆ పూట రాజీ పత్రం రాయాల్సి వచ్చింది. మా ప్లీడరుగారు, అవతలి ప్లీడరు మాట్లాడుకుని షరతులు చెప్పారు. రాయమని నాకే ఇచ్చారు. నన్ను తీసేయలేదన్న సంతోషంలో గబగబా రాశాను. మీరు నమ్మరు, పొద్దున అంత జరిగాక కూడా నా చెయ్యి అలవాటు కొద్దీ రాజీ పత్రాల్లో ఉండే పాత ముక్క ఒకటి పెట్టేసింది. "ప్రతివాది తన బాధ్యతను ఏ విధముగాను అంగీకరించకుండగనే..." అని.

సంతకానికి కలం ఇవ్వబోతే ఉస్తాదు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొత్తం చదవమన్నాడు. చదివాను. ఆ ముక్క దగ్గర ఆగమన్నాడు. దాని అర్థం ఏమిటని అడిగాడు.

"అంటే, ఇస్తాను గానీ తప్పు నాది కాదని జెప్పడమా?"

అంతేనన్నాను. కొట్టెయ్యమన్నాడు. ఆయన ప్లీడరు పక్కకు పిలిచి, అది ఉంటే నీకే రక్ష, రేపు ఇంకెవరైనా నీ మిద్దె మీద నుంచి పడి నిన్ను పట్టుకుంటే ఏం చేస్తావని మెల్లగా చెప్పబోయాడు.

"నేను పిలిస్తే వచ్చి నా మిద్దె మీద నుంచి పడితే, అదీ నాదే సామీ," అన్నాడు ఉస్తాదు. నా వైపు తిరిగాడు. "నేను జెప్తా, నువ్వు రాయి. నీ మాటలు కలపబాక."

కలపలేదు. ఆయన చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాశాను. "వలీమాకు భాయిని నేనే పిలిచినాను. మిద్దె మీద గవాచి ఉండేది నాకు తెలుసు. రేకు కనపడకూడదని జంపఖానా నేనే కప్పినాను. నా ఊరోళ్లకు చెప్పే పనిలేదు, ఆయనకు చెప్పాల. చెప్పలా. ఆయన కాలు విరిగినదానికి బాధ్యత నాది."

రాసింది పైకి చదవమన్నారు జడ్జిగారు. చదివాను. హాల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. డ్రైవరు ఒక కర్ర వదిలేసి ముందున్న చెక్క కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. పడకుండా పక్కనుంచి ఆ పిల్ల పట్టుకుంది.

"ఆసుపత్రిలో మంచం మీద ఈ ఒక్క మాట కోసం జూసినా," అన్నాడు ఉస్తాదుతో. "వచ్చినోళ్లంతా అల్లా రాసినాడు, అల్లా రాసినాడు అన్నారు. నువ్వు గూడా అదే అంటివి. అల్లాను నేనేమని అడగను భాయ్?"

ఉస్తాదు ఏడ్చాడు. కోర్టులో అంతమంది ముందు, చేత్తో మొహం కప్పుకోకుండా ఏడ్చాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. పెట్టే ముందు ఇద్దరూ మళ్లీ ఒకసారి నాతో చదివించుకున్నారు, నేను విసుక్కోలేదు.

బయటికొచ్చాక పిల్ల మూట ఉస్తాదు తీసుకుని భుజాన వేసుకున్నాడు. డ్రైవరు భార్య పిల్ల తల నిమురుతూ ఏదో చెబుతోంది. ఉదయగిరి బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఉస్తాదు నాలుగడుగులు వేసి ఆగి, వెనక కర్రల మీద వస్తున్న డ్రైవరు కోసం నిలబడ్డాడు. దారిలో ఉన్న గులకరాళ్లను కాలితో పక్కకు తోసి, "ఇక్కడ గుంట ఉండాది భాయ్, చూసుకో," అన్నాడు.